మిల్లు చెవులు, మిషను చెవి

మా అమ్మ గొంతు పెద్దది. కొత్తవలసలో మా వీధి మొదట్లో మాట్లాడితే చివర్లో వినబడేది. చిన్నప్పుడు నాకది చాలా సిగ్గుగా ఉండేది. బడి నుంచి స్నేహితురాళ్ళని ఇంటికి తీసుకొచ్చేదాన్ని కాదు. "మీ అమ్మ ఎప్పుడూ ఎవరిమీదో అరుస్తూనే ఉంటుందేమే" అని ఒకమ్మాయి అడిగింది. అమ్మ అప్పుడు ఎవరిమీదా అరవడం లేదు. పొరుగింటావిణ్ణి ఉప్పు అడుగుతోంది. వీధి మాత్రం ఆమెకి గయ్యాళి అని పేరు పెట్టింది. ఒకసారి పడ్డ ఆ పేరు ఆడదాన్ని వదలదు. నాన్న చనిపోయాక అదే పేరుతో బతికింది, కొంతవరకు ఆ పేరు చాటున బతికింది కూడా.

ఆ గొంతుకి కారణం కోపం కాదని, చెవులని, నాకు తెలిసేసరికి నలభై ఏళ్ళు దాటాయి. అదీ నా చెవులు పోయాకే తెలిసింది. చరిత్ర పాఠాలు చెప్పుకునేదాన్ని. అమ్మ గొంతుకి కూడా ఒక చరిత్ర ఉంటుందని అన్నాళ్ళూ తోచలేదు.

మా ప్రాంతానికి గోగునారతో ఉన్న సంబంధం పాతది. భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కిన గోగునారని విదేశీ వ్యాపారులు 'బిమ్లీ జూట్' అని పిలిచేవారు. మన భీమిలి పేరు ఆ విధంగా లండన్ బజారు దాకా వెళ్ళింది. ఆ నార చుట్టూనే చిట్టివలసలో, నెల్లిమర్లలో, ఆ తర్వాత కొత్తవలస చుట్టుపక్కల జూట్ మిల్లులు వచ్చాయి. నార పండించిన రైతుల గురించి, మిల్లు సమ్మెల గురించి కొంత రాశారు. మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళ గురించి మన దగ్గర రాసింది తక్కువ. బెంగాల్ జూట్ మిల్లుల్లోని ఆడవాళ్ళమీద సమితా సేన్ 1999లో వేసిన పుస్తకం చదివినప్పుడు, అందులో మా అమ్మ ఉందేమోనని వెతుక్కున్నాను. జీతాలున్నాయి, ప్రసూతి సెలవులున్నాయి, మగవాళ్ళ సంపాదన చుట్టూ తిరిగే కుటుంబ లెక్కలున్నాయి. చెవుల కోసం వెతకడం నాకప్పటికి ఇంకా తెలియదు.

అమ్మ 1978 నుంచి 2004 వరకు ఒక మిల్లులో స్పిన్నింగు షెడ్డులో పని చేసింది. ఆ మిల్లు పేరు ఇక్కడ అక్కర్లేదు. పక్క మిల్లులో ఇంకోలా ఉండేదని నేననుకోను. వందల బాబిన్లు ఒకేసారి తిరిగే షెడ్డులో రొద తొంభై డెసిబెల్సు దాటుతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి గొంతు చించుకున్నా వినబడదు. అయినా అమ్మా వాళ్ళూ పొద్దస్తమానం మాట్లాడుకునేవారు. పెళ్ళి సంబంధాలు, అప్పులు, మేస్త్రీ వెకిలి చూపులు, ఎవరికి నెల తప్పింది, అన్నీ. ఎలాగని అడిగితే అమ్మ నవ్వింది. "మూతులు సూసుకునీవోళ్ళమే" అంది. పెదాలు బాగా కదిపి, చప్పుడు లేకుండా, కళ్ళూ చేతులూ కలిపి మాట్లాడతారు. మేస్త్రీ దగ్గరికొస్తే మూతి ముడుస్తారు. ఇంగ్లండులో లాంకషైర్ బట్టల మిల్లుల ఆడవాళ్ళకీ ఇలాంటి మాటే ఉండేది. దాన్ని అక్కడ 'మీ-మాయింగ్' అనేవారు. అక్కడివాళ్ళకి ఆ పేరైనా మిగిలింది, పాటల్లో హాస్యనాటికల్లో కొంత జ్ఞాపకమైనా మిగిలింది. మన మిల్లుల ఆడవాళ్ళ మూతిమాటకి పేరు కూడా లేదు. అమ్మతో పనిచేసినవాళ్ళలో ఏడుగురిని కూర్చోబెట్టి అడిగాను. "దానికి పేరేటమ్మా, మాటే గదా" అన్నారు.

1911లో ఫ్రాన్స్‌లో ఎటియెన్ లోంబార్ అనే చెవి వైద్యుడు ఒక సంగతి గమనించాడు. చుట్టూ రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. తన మాట తనకి వినబడకపోతే మెదడు ఊరుకోదు, గొంతుకి ఇంకా గట్టిగా అనమని చెప్తుంది. అమ్మకి ఇరవై ఆరేళ్ళపాటు పగలు మిల్లు రొద, సాయంత్రం మిల్లు లేకపోయినా మిల్లు తెచ్చిన చెముడు. ఇంట్లో కూడా ఆమె మెదడు ఆమె గొంతుని పెంచుతూనే ఉంది. మా వీధి ఆ గొంతుని గయ్యాళితనంగా లెక్కేసింది. ఆ ఏడుగురిలో అయిదుగురికి అదే పేరుంది. ఇంతమంది గయ్యాళులు ఒకే మిల్లులో ఎలా పోగయ్యారో ఎవరూ ఆలోచించలేదు, నాతో సహా.

1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో రొదవల్ల వచ్చే చెముడు ఉండేది. ఇ.ఎస్.ఐ. చట్టంలోని వృత్తి రోగాల జాబితాలోనూ ఉండేది. కాగితం మీద అమ్మ చెవులకి పరిహారం రావాలి. అందుకు ముందు ఎవరో ఒకరు ఆమె చెవులు పరీక్ష చేసి ఉండాలి కదా. అమ్మ చెవి పరీక్ష మొదటిసారి జరిగింది 2015లో, ఆమె పదవీ విరమణ తర్వాత పదకొండేళ్ళకి, అదీ నాకు తోడుగా వచ్చి ఆడియాలజిస్టు గదిలో ఖాళీగా కూర్చున్నందుకు. మిల్లు హాజరు పుస్తకాలు కొన్ని చూడగలిగాను. ఆలస్యంగా వచ్చిన నిమిషాలు కూడా వాటిల్లో రాసి ఉన్నాయి.

నా చెవుల సంగతి వేరు. 2012లో నాకు మందులకి లొంగని క్షయ వచ్చింది. అప్పటి పద్ధతి ప్రకారం కనమైసిన్ ఇంజెక్షను, వారానికి ఆరు రోజులు, నెలల తరబడి. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. నాలుగో నెలలో చెవుల్లో ఈల మొదలైంది. చెప్తే "బలహీనత" అన్నారు. ఈ జాతి మందులు లోపలి చెవిలోని రోమకణాలని చంపుతాయి. ముందు పై స్థాయి ధ్వనుల్ని పట్టేవి పోతాయి, అంటే స, శ, చ లాంటివి. ఒకసారి పోయిన రోమకణం మనుషుల్లో మళ్ళీ మొలవదు. నెలనెలా చెవి పరీక్ష చేయించమని పుస్తకాల్లో రాసి ఉంది, నాకెవరూ చేయించలేదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కనమైసిన్‌ని సిఫారసు చేసే మందుల్లోంచి తీసేసింది, ఇంజెక్షను లేని చికిత్స వచ్చింది. నాకు ఆ ఇంజెక్షనే ప్రాణం పోసిందని కూడా ఒప్పుకోవాలి. కోపాన్ని ఎటు తిప్పాలో ఇప్పటికీ తెలియదు.

2014 నాటికి క్లాసులో విద్యార్థుల ప్రశ్నలు వినబడటం మానేశాయి. మొదట్లో వాళ్ళ ప్రశ్నని నేనే ఊహించి జవాబు చెప్పేదాన్ని. ఒకరోజు అశోకుడి గురించి అరగంట చెప్పాను. ఆ అబ్బాయి అడిగింది టాయిలెట్‌కి వెళ్ళవచ్చా అని. క్లాసు నవ్విన తీరు కళ్ళతో చూశాను.

ఇంప్లాంటుకి లక్షలు కావాలి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైనప్పుడు అందులో మన శ్రీకాకుళం ఒకటి. ఆ పథకం కిందే మన రాష్ట్రంలో పేదింటి చెవిటి పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్లు అందాయి. పెద్ద ఆస్పత్రుల్లో డబ్బున్నవాళ్ళకే తెలిసిన మాట పల్లెల్లోకి వచ్చింది. అది పిల్లల పథకం. నలభై దాటిన లెక్చరరుకి అందులో చోటు లేదు. అమ్మ తన ప్రావిడెంట్ ఫండ్‌తో కొత్తవలసలో కొనుక్కున్న ఇంటి స్థలం అమ్మింది. నాకు చెప్పలేదు. రిజిస్ట్రేషన్ అయిపోయాక చెప్పింది. తన చెవులు తీసుకుని మిల్లు ఇచ్చిన డబ్బుతో నాకు చెవి కొందన్నమాట. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది, రాశాక చూస్తే నాటకీయంగా ఉంది. కానీ బ్యాంకు పుస్తకంలో లెక్క అలాగే ఉంది.

2016లో ఆపరేషను అయింది, కుడి చెవికి మాత్రమే. నెల తర్వాత మిషను ఆన్ చేశారు. వినబడింది మాట కాదు, రేకుడబ్బాలో గులకరాళ్ళు. "కొన్నాళ్ళకి మెదడు నేర్చుకుంటుంది" అన్నారు. చరిత్ర మనిషిని కాబట్టి ఆ కొన్నాళ్ళూ నేను మిషను చరిత్ర చదివాను.

1957లో పారిస్‌లో ఆంద్రె జూర్నో, షార్ల్ ఎరియెస్ అనే ఇద్దరు ఒక చెవిటి మనిషి వినికిడి నాడికి కరెంటు తగిలించి చప్పుడు వినిపించారు. 1961లో లాస్ ఏంజలెస్‌లో విలియం హౌస్ ఒక తీగతో అదే పని చేశాడు. మెదడుకి ముప్ఫై వేల నాడీ తంతువులతో అందే సంగీతాన్ని ఒక్క తీగతో ఎలా అందిస్తారని శాస్త్రజ్ఞులు ఎగతాళి చేశారు. 1977లో వియన్నాలో ఇంగెబోర్గ్, ఎర్విన్ హోఖ్‌మైర్ దంపతులు, 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ అనేక ఎలక్ట్రోడ్లున్న ఇంప్లాంట్లు అమర్చారు. ఇంగెబోర్గ్ ఎలక్ట్రికల్ ఇంజినీరు. వాళ్ళు ఇంప్లాంటు పెట్టిన ఒక స్త్రీ 1980 మార్చిలో, నిశ్శబ్దమైన గదిలో, పెదాలు చూడకుండానే మాటలు అర్థం చేసుకుంది. 1991లో బ్లేక్ విల్సన్ బృందం ఎలక్ట్రోడ్లని ఒకదాని తర్వాత ఒకటిగా అతివేగంగా మీటే పద్ధతి ప్రకటించాక, మాట చాలామందికి అర్థమవడం మొదలైంది. 2013లో లాస్కర్ అవార్డు క్లార్క్‌కి, ఇంగెబోర్గ్‌కి, విల్సన్‌కి కలిపి ఇచ్చారు.

ఇవన్నీ ఆస్పత్రి కరపత్రాల్లో కూడా ఉంటాయి. వాటిల్లో ఉండనిది ఇంకొకటి ఉంది. ఇంప్లాంటు మాటని ముక్కలు చేసే పద్ధతికి పూర్వీకుడు బెల్ కంపెనీలో హోమర్ డడ్లీ తయారుచేసిన వోకోడర్. మాటని కొన్ని పట్టీలుగా చీల్చి, ఒక్కో పట్టీలో బలం ఎంతెంత పెరుగుతోందో తగ్గుతోందో అది మాత్రమే పంపడం. దాని తోబుట్టువు వోడర్ అనే మాట్లాడే యంత్రం. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో దాన్ని మీటలతో, కాలి పెడలుతో వాయించి మాట్లాడించింది ఆడవాళ్ళు, టెలిఫోన్ ఆపరేటర్లలోంచి ఏరి ఏడాదిపాటు తర్ఫీదిచ్చిన అమ్మాయిలు. వాళ్ళలో హెలెన్ హార్పర్ పేరు బాగా వినబడింది. ఒక వాక్యాన్ని ఏ ముక్కలుగా విరిస్తే మనిషికి అర్థమవుతుందో ఆ వేళ్ళకి తెలుసు. పేటెంటు మాత్రం వేళ్ళకి ఇవ్వరు.

ఇక అసలు సంగతి. నిశ్శబ్దంలో మాటకి చాలా తక్కువ సరిపోతుంది. 1995లో రాబర్ట్ షానన్ బృందం మాటని మూడు నాలుగు పట్టీలకి కుదించి వినిపిస్తే, వినికిడి బాగున్నవాళ్ళు కొద్ది సాధనతో దాదాపు మొత్తం అర్థం చేసుకున్నారు. చెవిలో మాటని పట్టే లోపలి రోమకణాలు మూడున్నర వేలు, నా ఇంప్లాంటులో ఎలక్ట్రోడ్లు ఇరవై రెండు. అయినా నా గదిలో, తలుపులు వేసుకుని, ఒక్కరితో నేను బాగానే మాట్లాడతాను. ఫోనులో కూడా. "నీకు బాగానే వినబడుతోందే" అని మెచ్చుకున్నవాళ్ళంతా ఆ గదిలో కలిసినవాళ్ళే.

రొదలో లెక్క మారిపోతుంది. 1953లో కోలిన్ చెర్రీ ఒక ప్రశ్న వేశాడు. నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే ఒకరి మాటే ఎలా పట్టుకుంటాం? ప్రశ్న వెనక విమానాశ్రయాల్లో ఒకే స్పీకరులో పలువురు పైలట్ల గొంతులు కలగాపులగంగా వినే ఉద్యోగుల ఇబ్బంది ఉంది. ఆ శాస్త్రమంతా యుద్ధాల నీడలో పుట్టింది. పట్టించుకోని చెవిలోంచి కూడా మన పేరు వంటి మాటలు లోపలికి జారిపడతాయని, మెదడు అక్కర్లేని గొంతుల్ని కట్టేయదు, తగ్గిస్తుందని 1960లలో చెప్పింది ఆన్ ట్రీస్‌మన్ అనే స్త్రీ. తగ్గించాలంటే ముందు గొంతుల్ని విడదీయాలి. అందుకు మెదడు మూడు నాలుగు ఆధారాలు వాడుకుంటుంది. ఒకటి, రెండు చెవులకి చేరడంలో ఉండే తేడాతో ఎవరు ఎటువైపున్నారో తెలుసుకోవడం. రెండు, గొంతు స్థాయి. ఒకావిడది కీచు, ఒకాయనది బొంగురు. ఆ దారం పట్టుకుంటే గొంతు చెదరకుండా వస్తుంది. మూడు, రొదలోని సందులు. ఎదుటి గొంతు ఊపిరి తీసుకున్న క్షణంలో మన మనిషి మాట దొరకబుచ్చుకోవడం. ఇవి దొరికాక, తెలిసిన భాషతో చిరుగులకి అతుకు వేసుకోవడం.

నాకు ఒకటే చెవి, మొదటిది పోయింది. ఇంప్లాంటు గొంతు స్థాయిని చాలా బలహీనంగా మోస్తుంది, రెండోదీ దాదాపు పోయింది. స్త్రీ గొంతు, పురుషుడి గొంతు కలిసి వినబడితే మామూలు చెవికి విడదీయడం తేలిక. ఇంప్లాంటు ఉన్నవాళ్ళకి ఆ తేడావల్ల కలిగే లాభం చాలా తక్కువని 2004లో జింజర్ స్టిక్నీ బృందం చూపించింది. ఎలక్ట్రోడ్లు ఎన్నున్నా కరెంటు పక్కపక్క నాడులకి ఒలికిపోతుంది కాబట్టి, ఎనిమిది దాటాక ఇంప్లాంటువాళ్ళకి ప్రయోజనం పెరగడం ఆగిపోతుందని, మామూలు చెవికి ఇరవై దాకా పెరుగుతూనే ఉంటుందని 2001లో లెండ్రా ఫ్రీసెన్ బృందం చెప్పింది. అందుకే రొదకంటే మాట కింద ఉన్నా మీరు వినగలరు. నాకు మాట రొదకి బాగా పైన ఉండాలి.

తెలుగులో ఇది ఎలా ఉంటుందో చెప్తాను. కాలంలో ఉన్న తేడాలు మిషను బాగా పట్టిస్తుంది. 'పలక', 'పాలక' తేడా, 'మగ', 'మగ్గ' తేడా నాకు ఇబ్బంది లేదు. హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు కాపాడే భాష మనది, అది నా అదృష్టం. నోట్లో ఎక్కడ పలికామన్న తేడా మాత్రం జారిపోతుంది. 'పాలు', 'కాలు', 'తాలు' రొదలో నాకు ఒకటే. న-ణ, ల-ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఇక్కడే ఒక విచిత్రం ఉంది. చెవికి జారిపోయేదే కంటికి దొరుకుతుంది. పెదాలు మూసుకుంటే ప, తెరుచుకునే ఉంటే క. రొద ఎంత ఎక్కువైతే ముఖం చూడటం అంత ఎక్కువ సాయపడుతుందని సంబీ, పోలాక్ 1954లోనే లెక్కగట్టారు. అమ్మా వాళ్ళు అంతకుముందో తర్వాతో, లెక్కలు లేకుండా, బాబిన్ల మధ్య కనిపెట్టుకున్నది అదే. సగం మాట మిషను, సగం మాట మూతి. నా పునరావాస శిక్షణలో ఎవరూ ఇది నేర్పలేదు సరికదా, పెదాలు చూస్తే చెవి బద్ధకిస్తుందని పుస్తకం అడ్డంపెట్టి మాట్లాడేవారు. చిన్నపిల్లల విషయంలో అందుకు వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. నలభై రెండేళ్ళదాన్ని, నాకెందుకో అర్థం కాలేదు. అమ్మ ఒకరోజు ఆ పుస్తకం లాగేసి "మూతి సూణ్ణీవేటమ్మా దానికి" అంది. ఆడియాలజిస్టు అమ్మాయి బిత్తరపోయింది. అమ్మ గొంతు మరి అలాంటిది.

2019లో మా మేనకోడలి పెళ్ళి. మగవాళ్ళంతా పందిట్లో ఒక మైకు వైపు తిరిగి కూర్చున్నారు. వాళ్ళ ప్రపంచంలో ఒకసారి ఒకరే మాట్లాడతారు. ఆడవాళ్ళం వంటసాలలో ఉన్నాం. గాడిపొయ్యి, గిన్నెలు, బయట బ్యాండు, పన్నెండుమంది ఒకేసారి మాటలు. మా మాటతీరు అది. ఒకరి వాక్యం ఇంకొకరు పూర్తిచేస్తారు, మధ్యలో మూడోమనిషి నవ్వుతుంది, నాలుగో మనిషి ఇంకో కథ ఎత్తుకుంటుంది. అందరివీ దగ్గర దగ్గర గొంతులు, సందులుండవు. ఆడవాళ్ళ స్నేహం గురించి ఈ పేజీల్లో ఎన్ని వ్యాసాలు వచ్చి ఉంటాయో, ఆ స్నేహానికి ఉన్న ధ్వని రూపం మాత్రం నా మిషనుకి అన్నిటికంటే కష్టమైనది. పెద్దమ్మ గొంతుకి అమ్మ అనుకుని జవాబిచ్చాను. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వాల్సిన మాట కాదట. ఒకావిడకి కొడుకు పోయిన సంగతి. ఆమె మొహం చూశాక తెలిసింది. తర్వాత నేను పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. "మేడంగారికి మనతో కూకోడానికి పొగరు" అన్నారని రాత్రి అమ్మ చెప్పింది.

అమ్మకి గయ్యాళి, నాకు పొగరు. మగవాడికి చెవుడొస్తే చెవిటివాడంటారు.

ఆ రోజుల్లో సాయంత్రం నాలుగయ్యేసరికి కళ్ళు మూతలు పడేవి. బద్ధకం అనుకున్నాను. రొదలో వింటున్న మనిషి కంటిపాప ఎంత విచ్చుకుంటుందో కొలిచి, మెదడు పడే శ్రమని లెక్కిస్తున్నారిప్పుడు. వినికిడి బాగున్నవాళ్ళకి మాట చాలావరకు దానంతటదే లోపలికి వస్తుంది. మాట చిరిగిపోయి వస్తే మెదడు ముందు భాగం, జ్ఞాపకం, ధ్యాస, ఊహ, అన్నీ పనిలో దిగాలి. విన్న ముక్కని పట్టుకుని, తర్వాతి ముక్క కోసం ఆగి, రెండూ కలిపి ఇది అయి ఉండొచ్చు అనుకోవాలి. ఆ లోపల మూడో ముక్క వెళ్ళిపోతుంది. పరీక్షలో నేను పదికి ఎనిమిది మాటలు చెప్పగలిగానంటే అవి ఎంత ఖర్చుపెట్టి చెప్పానో కాగితం మీద పడదు. ఇంటిపనిని లెక్కగట్టని గణాంకాలు మనకి అలవాటే కదా.

పిల్లల విషయానికొస్తే ఆ ఖర్చు తల్లి కూడా పెడుతుంది. మూడున్నరేళ్ళలోపు ఇంప్లాంటు పెడితే మెదడులోని వినికిడి తరంగాలు వయసుకి తగ్గట్టు ఎదుగుతాయని, ఏడేళ్ళు దాటాక పెడితే చాలామందిలో వెనకబడే ఉంటాయని 2002లో అనూ శర్మ బృందం చూపించింది. అప్పటినుంచి గడియారం తల్లి మెడకి కట్టారు. విశాఖలో మ్యాపింగుకి వెళ్ళినప్పుడల్లా చూస్తాను. పాడేరు నుంచి, పాలకొండ నుంచి బస్సుల్లో వచ్చిన తల్లులు, ఒళ్ళో పిల్లలు. రోజంతా పిల్లతో మాట్లాడుతూనే ఉండాలని శిక్షకులు చెప్తారు. కూలికి వెళ్ళే మనిషి రోజంతా ఎప్పుడు మాట్లాడుతుంది? మాట రాకపోతే "తల్లి శ్రద్ధ పెట్టలేదు" అని రాస్తారు. మేనరికంలో పుట్టిన బిడ్డకి చెవుడొస్తే ఆ లోపం అమ్మానాన్నలిద్దరి నుంచీ రావాలి, ఒక్కరి నుంచి వచ్చే రకం కాదు. నిందకి మాత్రం ఒకే కడుపు దొరుకుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. సంజ్ఞల భాషే మా భాష, మమ్మల్ని బాగుచేయక్కర్లేదు అనే చెవిటివారి వాదం నాకు మొదట్లో కోపం తెప్పించింది. 1880లో మిలాన్‌లో వినికిడి ఉన్న ఉపాధ్యాయులు కూర్చుని బడుల్లోంచి సంజ్ఞల్ని వెళ్ళగొట్టారని, 1991లో అమెరికా బధిరుల జాతీయ సంఘం పిల్లల ఇంప్లాంట్లని ఖండించి 2000లో స్వరం మార్చుకుందని చదివాక, ఇది నా ఒక్కదాని కథతో తేలే సంగతి కాదని అర్థమైంది. నాకు భాష ముందే ఉంది, పోయిన దాన్ని వెతుక్కున్నాను. మన దేశంలో భారతీయ సంజ్ఞా భాషా కేంద్రం 2015లో గానీ రాలేదు. పాడేరు నుంచి వచ్చిన ఆ పిల్లకి మిషను పాడైతే, పక్కన ఇంకో భాష లేకపోతే, ఆమె ఏ భాషలోనూ ఉండదు. రెండూ ఇవ్వడానికి అడ్డేమిటో నాకు ఎవరూ సరిగా చెప్పలేదు.

కొత్తవలస నుంచి విశాఖ వెళ్ళే దారి మీద నేను ఎప్పుడూ ఒక సంగతి గుర్తుచేసుకుంటాను. నౌకాదళానికి టార్పెడోలు తయారుచేసే ఎన్.ఎస్.టి.ఎల్. ప్రయోగశాల 1969 నుంచి విశాఖలో ఉంది. సముద్రం రొదలో శత్రువు ఓడ చప్పుడు ఏదో విడదీసి పట్టుకోవడం వాళ్ళ విద్య. అబ్దుల్ కలాం చొరవతో మన దేశపు కాక్లియర్ ఇంప్లాంటు తయారుచేసే పని ఆ ప్రయోగశాలకే వచ్చింది. రొదలో మాట వెతకడం, రొదలో ఓడ వెతకడం ఒకే కుటుంబంలోని లెక్కలు. చవకగా వస్తుందని పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. నా చెవిలో ఉన్నది మాత్రం విదేశీ కంపెనీదే. దాని తీగ తెగితే ఇరవై కిలోమీటర్లలో దొరకదు, బ్యాటరీల ఖర్చు నెలనెలా ఉంటుంది.

పరీక్షల సంగతి చెప్పకుండా ఆగలేను. స్పీకరులోంచి మాటలు, వెనక రొద, విన్నది తిరిగి చెప్పాలి. ఆ మాటల పట్టీ పుస్తకాల తెలుగు. చదివినావిడ గొంతు గుంటూరు వైపుది, స్పష్టంగా, అందంగా ఉంటుంది. రొద పెరిగాక నాకు సగానికి సగం తప్పుతాయి. ఇంటికొస్తే గూడ్సు బండి వెళ్తోంది. 1960లలో జపానుకి ఇనుప ఖనిజం పంపడానికి వేసిన కిరండూల్ లైను మా ఇంటి వెనకే కదా, అది వెళ్ళినంతసేపూ గోడలు అదురుతాయి. ఆ రొదలో అమ్మ "ఏటే, టీ ఎడతానా?" అంటే నాకు మొత్తం అర్థమవుతుంది. ఒకటి, అమ్మ మిల్లు మూతి. అంత బాగా పెదాలు కదిపే మనిషి నాకింకెవరూ తెలియదు. రెండోది మెదడు వేసే అతుకు. చిరిగిన మాటకి అతుకు గుడ్డ చిన్నప్పటి భాషలోంచే తీస్తుంది. 'పెడతానా' అన్న పుస్తకాల తెలుగుని నేను ముప్ఫై ఏళ్ళు క్లాసులో బోధించడానికి వాడాను. కానీ చెవి పుట్టింది 'ఎడతానా'లో. ఇరవై ఏళ్ళుగా వదిలించుకోవడానికి తంటాలుపడ్డ యాసే ఇప్పుడు రొదలో నాకు దారి చూపిస్తోంది. ఆడియాలజిస్టుకి చెప్పాను. "టెస్టు స్టాండర్డుగా ఉండాలి కదా మేడం" అంది. నిజమే, ఉండాలి. ఎవరి స్టాండర్డు అని నేను అడగలేదు, ఆ అమ్మాయిది కూడా బొబ్బిలి.

అమ్మకి ఇప్పుడు డెబ్బై అయిదు. హియరింగ్ ఎయిడ్ కొన్నాను, పెట్టుకోదు. "మిల్లు మళ్ళీ మొదలెట్టీసినట్టుంటాది" అంటుంది. రాత్రిళ్ళు మిషను తీసేసి, లైటు వేసుకుని, ఇద్దరం ఎదురెదురుగా మూతులు చూసుకుంటూ మాట్లాడుకుంటాం. ఆమె గొంతు ఎంత పెద్దదో అప్పుడు నాకు తెలియదు. పక్కింటివాళ్ళకి తెలుసు.

వచ్చే నెల మ్యాపింగు ఉంది. అమ్మ చేత, ఆ ఏడుగురిలో మిగిలిన నలుగురి చేత నలభై మాటలు రికార్డు చేయించాను. ఏటి, ఎల్తాను, గుంట, సెప్పు, ఒలమ్మో, బాబిను, షిప్టు. ఫోనులో ఉన్నాయి. వెనక మిల్లు రొద కావాలన్నారు వాళ్ళు, అది లేకపోతే గొంతు రాదట. రొద కోసం మిల్లు గేటు దగ్గరికి వెళ్ళాను, వాచ్‌మన్ లోపలికి వెళ్ళనివ్వలేదు. చివరికి గూడ్సు బండి పక్కన నిలబడి చెప్పారు.